డెల్ఫీన్ సేరిగ్: తన గొంతును తాను దక్కించుకున్న నటి

సభకు నమస్కారం.

ఫ్రెంచి సినిమా అనగానే మనం రెనే, త్రుఫో, బున్యుయేల్, ద్యురాస్ అంటూ దర్శకుల పేర్లు వల్లిస్తాం. ఆ నలుగురి సినిమాల్లోనూ నటించి, వారితో పాటు జోసెఫ్ లోసీ, జాక్ దెమీ, షాంతాల్ అకెర్మాన్, ఉల్రికె ఒట్టింగర్ వంటి, ఒకరితో ఒకరికి ఏ పోలికా లేని దర్శకుల దగ్గర పనిచేసిన డెల్ఫీన్ సేరిగ్ పేరు మాత్రం ఎవరైనా గుర్తుచేస్తే తప్ప మన నోట రాదు. దర్శకుల వైపు నుంచి చూస్తే ఆమె నటజీవితం అతుకుల బొంతలాగే కనిపిస్తుంది. ఒకచోట మహారాణిలాంటి స్త్రీ, మరోచోట రక్తం తాగే దొరసాని, ఇంకోచోట బంగాళాదుంపల తొక్క తీసే గృహిణి. ఆమె గొంతును పట్టుకుని ఆ సినిమాలను వరుసగా చూస్తే మాత్రం తెగని దారి ఒకటి కనిపిస్తుంది. మొదటి పదిహేనేళ్లు సినిమా ఆ గొంతును తన ఇష్టం వచ్చినట్టు వాడుకుంది. ఆ తర్వాత దాన్ని ఎక్కడ, ఎవరి కోసం, ఏ భాషలో వాడాలో ఆమే నిర్ణయించుకుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ మార్పు గురించే.

ఆమె 1932 ఏప్రిల్ 10న బీరూట్‌లో పుట్టింది. లెబనాన్, సిరియాలు ఫ్రెంచి పాలనలో ఉన్న ఆ కాలంలో తండ్రి ఆన్రీ సేరిగ్ అక్కడి పురావస్తు శాఖకు అధిపతి. తల్లి ఎర్మిన్ ద సోస్యూర్, ఆధునిక భాషాశాస్త్రానికి పునాది వేసిన ఫెర్డినాండ్ ద సోస్యూర్‌కు తమ్ముడి కూతురు. 1920ల్లోనే, తర్వాత యాత్రికురాలిగా పేరు పొందిన ఎల్లా మయ్యార్‌తో కలిసి మధ్యధరా సముద్రంలో తెరచాప పడవ నడిపిన సాహసి. రెండో ప్రపంచ యుద్ధంలో తండ్రి ద గోల్ పక్షాన చేరి న్యూయార్క్ వెళ్లడంతో కుటుంబమూ వెంట వెళ్లింది. బడి ఈడులో ఇంగ్లీషు ఆమెకు అలా వీధి భాషగా పట్టుబడింది. యుద్ధం ముగిశాక మళ్లీ లెబనాన్, ఆ తర్వాత ఫ్రాన్సు కొండల్లో లె షాంబొన్ అనే ఊళ్లో ప్రొటెస్టెంట్ల బడి. ఇంట్లో తల్లిదండ్రుల సంస్కారం ఒక దేశానిది, బయట వినిపించే మాట మరో దేశానిది అయిన ఆ పెంపకంలో ఏ ఊరి ఆచారాన్నీ లోకమంతటికీ ఉన్న నియమంగా భావించని స్వభావం అలవడుతుంది. ఆమె తర్వాతి జీవితానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

పారిస్‌లో రష్యన్ మూలాలున్న తాన్యా బలషోవా దగ్గర నటన నేర్చుకుంది. అమెరికన్ చిత్రకారుడు జాక్ యంగర్‌మన్‌ను పెళ్లాడి, 1956లో మళ్లీ న్యూయార్క్ చేరింది. మాన్‌హట్టన్ దక్షిణపు కొసన కోయెంటీస్ స్లిప్ అనే పాత ఓడరేవు వీధిలో వారి కాపురం. ఎల్స్‌వర్త్ కెల్లీ, ఆగ్నెస్ మార్టిన్ వంటి చిత్రకారులు ఇరుగుపొరుగు. లీ స్ట్రాస్‌బర్గ్ నడిపే నటశిక్షణ సంస్థ యాక్టర్స్ స్టూడియోలో పాఠాలు విన్నది. 1959లో రాబర్ట్ ఫ్రాంక్, ఆల్‌ఫ్రెడ్ లెస్లీ కలిసి తీసిన 'పుల్ మై డైజీ' అనే పొట్టి చిత్రంలో రైల్వే ఉద్యోగి భార్యగా తెర మీద కనిపించింది. ఆ సినిమాలో ఎవరి మాటా మనకు వినపడదు. అందరి తరఫునా రచయిత జాక్ కెరూయాక్ ఒక్కడే చదువుకుంటూ పోతాడు. కవి మిత్రులు కూర్చుని కబుర్లాడుతుంటే ఆ ఇంటి ఇల్లాలు పిల్లవాణ్ణి బడికి పంపుతుంది, విసుక్కుంటుంది. ఆ విసుగును కూడా ఒక మగవాడి గొంతే మనకు చెబుతుంది. యూరప్ సినిమాలో అత్యంత ప్రసిద్ధమైన స్త్రీ కంఠాల్లో ఒకటి కాబోతున్న ఆ కంఠం తొలి చిత్రంలో మౌనంగా ఉండడం యాదృచ్ఛికమే. కానీ అలాంటి యాదృచ్ఛికాలు ఆమె జీవితంలో మరీ ఎక్కువ.

న్యూయార్క్‌లోనే ఆమె ఇబ్సెన్ నాటకంలో నటిస్తుండగా చూసిన అలాన్ రెనే తన తర్వాతి సినిమాకు తీసుకున్నాడు. అదే 1961లో వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ బహుమతి పొందిన 'లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్'. మ్యూనిక్ పరిసరాల్లోని రాజభవనాల్లో, అద్దాల మధ్య, పొడుగాటి వసారాల్లో ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. నిరుడు మనం కలిశాం, నువ్వు నాతో వస్తానన్నావు అని ఒక పురుషుడు ఆమెకు పదేపదే నచ్చజెబుతూ ఉంటాడు. సినిమా అంతా ఆ పురుషుడి కథనమే. ఆమె తనకు గుర్తు లేదంటుంది, వద్దంటుంది, మెడ పక్కకు వంచి, చేయి భుజం మీద ఆనించి శిల్పంలా నిలుస్తుంది. చిత్రం చూసినవాళ్లు ఆ భంగిమలను, షానెల్ దుస్తులను, నొక్కి కత్తిరించిన ఆ జుట్టును మరిచిపోలేదు. ఆమె 'వద్దు' అన్న మాటను మాత్రం చాలామంది పట్టించుకోలేదు. నాకు ఆ సినిమా మీద గౌరవమే. అయినా ఒక నటిని ఒక్క దెబ్బతో దేవతను చేసి గూట్లో కూర్చోబెట్టిన సినిమా కూడా అదేనని ఒప్పుకోక తప్పదు.

ఆ గూట్లోంచి దిగడానికి ఆమె ఎక్కువ కాలం తీసుకోలేదు. రెండేళ్లకే, 1963లో, అదే రెనే తీసిన 'మ్యురియెల్'లో బూలోన్-సుర్-మేర్ పట్నంలో పాత సామాను అమ్ముకునే ఎలెన్‌గా కనిపించింది. అప్పటికి ఆమె వయసు ముప్పై దాటిందంతే. పాత్ర వయసు అంతకు చాలా ఎక్కువ. నెరిసిన జుట్టు, తొట్రుపాటు నడక, మాట మొదలుపెట్టి మరో మాటలోకి జారిపోయే హడావిడి, జూదం అలవాటు. మారియన్‌బాద్ స్త్రీని వెతుక్కుంటూ వెళ్లిన ప్రేక్షకుడికి ఆమె అందులో దొరకదు. వెనిస్ ఉత్సవం ఆ పాత్రకే ఆమెకు ఉత్తమ నటి బహుమతి ఇచ్చింది. అందాన్ని ఆసరా చేసుకుని ఇరవయ్యేళ్లు నెట్టుకురాగలిగిన స్థితిలో ఉండి, చేతికి వచ్చిన ఆ ఆస్తిని వెంటనే పక్కన పెట్టడం ఏ భాషా సినిమాలోనైనా అరుదు.

ఆ తర్వాతి పదేళ్లలో ఆమె ఒక కాలు ఫ్రెంచిలో, మరో కాలు ఇంగ్లీషులో పెట్టి నడిచింది. పారిస్ రంగస్థలం మీద క్లోద్ రెజీ దర్శకత్వంలో హెరాల్డ్ పింటర్ నాటకాలు ఆడింది. ఆ పింటరే స్క్రీన్‌ప్లే రాయగా లోసీ తీసిన 'యాక్సిడెంట్'లో 1967లో ఇంగ్లీషు పాత్ర వేసింది. పాత స్నేహితురాలిని డర్క్ బొగార్డ్ కలుసుకునే ఆ కొద్ది నిమిషాల ఘట్టంలో మాటలు వినబడుతుంటాయి, పెదవులు మాత్రం వాటితో కలిసి కదలవు. మాట ఒక చోట, మనిషి ఒక చోట. 1971లో బెల్జియం తీరంలో ఇంగ్లీషులో తీసిన 'డాటర్స్ ఆఫ్ డార్క్‌నెస్'లో రక్తం తాగే కౌంటెస్ బాతోరీ, 1973లో ఫ్రెడ్ జిన్నెమాన్ తీసిన 'ద డే ఆఫ్ ద జాకల్'లో హంతకుడికి ఆశ్రయమిచ్చే కులీన స్త్రీ, అదే ఏడు లోసీ తీసిన ఇబ్సెన్ 'డాల్స్ హౌస్'లో జేన్ ఫోండా వేసిన నోరాకు స్నేహితురాలు. వీటి మధ్యలో ఫ్రెంచిలో దెమీ చిత్రంలో వనదేవత, బున్యుయేల్ చిత్రంలో విందు ఎప్పటికీ పూర్తికాని ధనికుల గుంపులో ఒక ఇల్లాలు. నార్వేలో 'డాల్స్ హౌస్' తీస్తున్నప్పుడు స్త్రీ పాత్రల తీరు గురించి నటీమణులకూ లోసీకీ గట్టి అభిప్రాయభేదాలు వచ్చాయి. ఫోండాతో ఆమెకు కుదిరిన స్నేహం తర్వాత ఒక ముఖ్యమైన పనికి దారి తీసింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక్కడ త్రుఫో గురించి ఒక్క మాట. 1968 నాటి 'స్టోలెన్ కిసెస్'లో ఆమె చెప్పుల దుకాణం యజమాని భార్య. ఆ యజమానిగా నటించిన మైకేల్ లోన్స్‌డేల్ కూడా ఆమె లాగే బలషోవా శిష్యుడు, ఆమె లాగే ఫ్రెంచి, ఇంగ్లీషు రెండింట్లో అంతే సులువుగా నటించగలవాడు. కుర్రవాడైన కథానాయకుడు ఆమెను మనిషిగా కాక ఏదో దివ్యదర్శనంగా భావించుకుని పారిపోతాడు. ఆమె తెల్లవారగానే అతని గదికి వచ్చి, తాను దర్శనమూ కాదు, దేవతా కాదు, మామూలు స్త్రీనని శాంతంగా వివరిస్తుంది. రాసింది త్రుఫో బృందమే అయినా, మారియన్‌బాద్ తర్వాత తన వెంట పడిన కీర్తికి నటి తన నోటితో చెప్పిన జవాబులా ఉంటుంది ఆ ఘట్టం.

1971 ఏప్రిల్ 5న 'లె నూవెల్ ఒబ్జర్వాతర్' పత్రిక 343 మంది స్త్రీల ప్రకటన ఒకటి అచ్చువేసింది. గర్భస్రావం నేరమైన ఆ రోజుల్లో, మేము గర్భస్రావం చేయించుకున్నాం అని పేరు పెట్టి సంతకం చేసినవారిలో సిమోన్ ద బొవ్వార్, కాత్రిన్ దెనోవ్, మార్గరీత్ ద్యురాస్‌లతో పాటు సేరిగ్ కూడా ఉంది. మరుసటి ఏడాది, అత్యాచారం వల్ల గర్భవతి అయిన మైనరు బాలికను గర్భస్రావం చేయించుకున్నందుకు కోర్టుకు ఈడ్చిన బొబిన్యీ కేసులో, న్యాయవాది జిసెల్ అలీమీ పిలిపించిన సాక్షుల్లోనూ ఆమె ఉంది. సురక్షితమైన సులభ గర్భస్రావ పద్ధతిని ఫ్రెంచి కార్యకర్తలకు చూపించడానికి ఆమె తన ఇంటినే ఇచ్చింది. 1975 జనవరిలో గర్భస్రావాన్ని అనుమతించే సిమోన్ వేయ్ చట్టం వచ్చేవరకూ ఇవన్నీ జైలుకు దారితీయగల పనులు. సినీతారలు ఉద్యమాలకు ముఖం అరువిస్తుంటారు. ఆమె ఇచ్చింది ఇల్లు, సాక్ష్యం, సంతకం.

ఇక 1975కు వద్దాం. ఆ ఒక్క సంవత్సరం ఆమె నటించిన, స్త్రీలు దర్శకత్వం వహించిన సినిమాలే మూడు వచ్చాయి: లిలియాన్ ద కెర్మదెక్ 'అలోయీజ్', ద్యురాస్ 'ఇండియా సాంగ్', అకెర్మాన్ 'జాన్ దీల్మాన్'. మొదటిదాన్ని ఈరోజు దాటేస్తాను.

'ఇండియా సాంగ్' కథ 1937 నాటి కలకత్తాలో, ఫ్రెంచి రాయబారి భవనంలో జరుగుతుంది. చిత్రీకరణ అంతా ఫ్రాన్సులోనే, చాలా భాగం పారిస్ పక్కన బూలోన్‌లో శిథిలమవుతున్న రోత్‌షీల్డ్ భవనంలో. భారతదేశం అందులో వేడి, అగరొత్తి పొగ, దూరం నుంచి వినిపించే ఒక బిచ్చగత్తె పాట, అంతే. మన దేశాన్ని కళ్లతో చూపించకుండా కలవరింతగా మార్చినందుకు మనకు అభ్యంతరం ఉండవచ్చు. నాకూ కొంత ఉంది. ఆ సినిమా నిర్మాణ పద్ధతి మాత్రం నా విషయానికి చాలా దగ్గరిది. నటులు తెర మీద ఎవరూ మాట్లాడరు. మాటలన్నీ ముందే రికార్డు చేసి, చిత్రీకరణ వేళ వినిపిస్తుంటే వారు తమ గొంతులనే తాము వింటూ నడిచారు, నాట్యమాడారు, పడుకున్నారు. మరుసటి ఏడు ద్యురాస్ ఇంకా ముందుకు వెళ్లి, అదే సౌండ్‌ట్రాక్‌ను ఖాళీ గదుల మీద, పగిలిన కిటికీల మీద పెట్టి ఇంకో సినిమా చేసింది. అందులో దాదాపు మనుషులే లేరు, సేరిగ్ గొంతు ఉంది. మన సినిమాల్లో తెర మీద ఒక నటి, వెనుక మరొకరి గొంతు మనకు కొత్త కాదు; నటి సరిత ఎంతమంది కథానాయికలకు గొంతు అరువిచ్చిందో మీకు తెలుసు. ఇక్కడ గొంతు ఆమెదే, శరీరమూ ఆమెదే. రెంటి మధ్య సంబంధాన్ని తెంచి చూపించడమే ప్రయోగం. తేడా ఏమిటంటే, లోసీ సినిమాలో అది దర్శకుడి చమత్కారం. ఇక్కడ నటి తెలిసి, చర్చించి, ఇష్టపడి చేసిన పని.

'జాన్ దీల్మాన్' దీనికి పూర్తిగా విరుద్ధం. బ్రస్సెల్స్‌లో ఒక ఫ్లాట్, ఒక వితంతువు, బడికి వెళ్లే కొడుకు, మూడు రోజులు, 201 నిమిషాలు. పక్కింటావిడ పసిబిడ్డను చూసుకోవడం, వంట, పక్క సర్దడం, మధ్యాహ్నం పూట ఒక్కొక్క మగవాడిని రానిచ్చి, వాళ్లు ఇచ్చిన డబ్బును భోజనబల్ల మీది సూపు గిన్నెలో వేసి మూతపెట్టడం. దర్శకురాలికి అప్పటికి పాతికేళ్లు నిండినా నిండనట్టే. కెమెరా బాబెట్ మాంగోల్ట్. బృందంలో అత్యధికులు స్త్రీలే. సేరిగ్ గొంతు అందులో దాదాపుగా వినబడదు. ఎప్పుడో కొడుక్కి ఉత్తరం చదివి వినిపిస్తుంది, అది కూడా ఏ భావమూ లేకుండా, గుక్క తిప్పుకోకుండా.

ఒక ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం. రెండో రోజు, మగవాడు వెళ్లిపోయాక, దుంపలు ఎక్కువసేపు ఉడికిపోయాయని ఆమె గమనిస్తుంది. గిన్నె చేత్తో పట్టుకుని వంటింట్లోంచి బయటికి వస్తుంది, ఎక్కడ పెట్టాలో తోచదు, స్నానాల గది దాకా వెళ్తుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఒక్క కన్నీటి చుక్క లేదు, సంగీతం లేదు, నుదురు కూడా ముడిపడదు. గిన్నె పట్టుకున్న మనిషి తన ఇంట్లోనే దారి తప్పింది, అంతే. తర్వాత కొత్త దుంపలు తెచ్చి కూర్చుని తొక్క తీస్తుంది. మొదట వేగంగా, తర్వాత చాకు మధ్యలో ఆగిపోతూ. అప్పటివరకూ గంటన్నర పాటు ఆమె పనులన్నీ గడియారంలా జరగడం మనం చూశాం కాబట్టి, చాకు ఆగిన ఆ రెండు క్షణాలకు మన గుండె గుభేలుమంటుంది. మారియన్‌బాద్‌లో భంగిమకు అర్థం దర్శకుడు చెప్పేవాడు. ఇక్కడ అర్థమంతా ఆమె మణికట్టులో ఉంది.

ఈ చిత్రీకరణను నటుడు సామీ ఫ్రే వీడియో తీశాడు. అది ఇప్పుడు విడిగా చూడటానికి దొరుకుతుంది, నటన నేర్చుకునే ప్రతివారూ చూడాలి. అందులో సేరిగ్ ఊరికే తలూపే నటి కాదు. ఈ పని చేస్తున్నప్పుడు ఈమె ఏం ఆలోచిస్తోంది, ఎందుకింత నెమ్మది, ఇక్కడ ఎందుకు ఆగాలి అని అకెర్మాన్‌ను నిలదీస్తూనే ఉంటుంది. అకెర్మాన్‌కు తన తల్లి, పిన్నుల చేతులు జ్ఞాపకం; కారణాలు చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. న్యూయార్క్‌లో పాత్ర అంతరంగం వెతకడం నేర్చుకున్న నటికీ, చేతి కదలికే చాలు అనే దర్శకురాలికీ మధ్య జరిగిన ఈ లాగుడుపోటీ తెర మీద ఎక్కడా కనిపించదు, కానీ ఆ నటనలోని బిగువంతా దాని నుంచే వచ్చిందని నా నమ్మకం. అంతటి 'దొరసాని' దుంపలు ఒలిస్తేనే జనం ఆ పనిని చూస్తారు, మామూలు స్త్రీ చేస్తే ఎవరి కంటికీ ఆనదు అన్నది అకెర్మాన్ లెక్క. ఆ లెక్క తప్పలేదు. పదేళ్లకొకసారి 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకులతో జరిపే ఓటింగులో 2022లో ఈ చిత్రం ప్రథమ స్థానంలో నిలిచింది. ఒక స్త్రీ తీసిన చిత్రానికి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. అప్పుడు వచ్చిన వ్యాసాల్లో నూటికి తొంభై పాళ్లు దర్శకురాలి గురించే. సగం కీర్తి నటిదని గట్టిగా అన్నవాళ్లు తక్కువ.

అదే రోజుల్లో సేరిగ్ చేతికి వీడియో కెమెరా వచ్చింది. కరోల్ రుసోపులోస్ అనే స్విస్ వనిత అప్పటికే సోనీ పోర్టపాక్ అనే వీడియో కెమెరా భుజాన వేసుకుని సమ్మెలు, ఊరేగింపులు చిత్రిస్తూ, ఆసక్తి ఉన్న స్త్రీలకు నేర్పిస్తూ ఉండేది. 1974లో సేరిగ్, తన స్నేహితురాలు ఇయోనా వీడర్‌తో కలిసి ఆమె దగ్గర చేరింది. ముగ్గురూ కలిసి పెట్టుకున్న బృందం పేరు 'లేజ్ ఎన్సుమ్యూజ్'. 1976లో ఆ బృందం చేసిన ఒక వీడియోలో బల్లకు చెరో పక్క ఇద్దరు కూర్చుంటారు. అమెరికన్ స్త్రీవాది వాలెరీ సొలానాస్ రాసిన, ఫ్రెంచి అనువాదం దుకాణాల్లో దొరకకుండా పోయిన ఒక కరపత్రాన్ని సేరిగ్ నెమ్మదిగా చదువుతూ ఉంటే రుసోపులోస్ టైపు చేస్తూ ఉంటుంది. ఇద్దరి మధ్యా టీవీలో వార్తలు. ద్యురాస్ సినిమాల్లో వినిపించిన అదే గొంతు, అదే నిదానం. ఈసారి అది ఆఫీసులో డిక్టేషన్ ఇచ్చే గొంతు. కామాలు, పుల్‌స్టాపులతో సహా.

ఫోండా స్నేహం దారి తీసిన పని ఇదీ: సేరిగ్ స్వయంగా దర్శకత్వం వహించిన 'సోయ్ బెల్ ఎ తె తువా', అంటే 'అందంగా ఉండు, నోరు మూసుకో'. 1970ల మధ్యలో హాలీవుడ్‌లోనూ పారిస్‌లోనూ ఇరవై మందికి పైగా నటీమణులను కూర్చోబెట్టి, కెమెరా రుసోపులోస్‌కు ఇచ్చి, ప్రశ్నలు తాను అడిగింది. మీరు మగవాడిగా పుట్టి ఉంటే నటులయ్యేవారా? సినిమాలో మరో స్త్రీతో ఆప్యాయంగా మాట్లాడే సన్నివేశం మీకెప్పుడైనా దొరికిందా? ప్రశ్నలు ఇంత సూటివి. ఫోండా తొలిసారి స్టూడియోకు వెళ్లినప్పుడు మేకప్ విభాగం తన ముఖంలో ఏమేం సరిచేయాలో ఎలా పరీక్షించిందో, దవడను కూడా వదలకుండా, చెబుతుంది, చెప్పేది ఫ్రెంచిలో. మరియా ష్నైడర్, ఎలెన్ బర్‌స్టిన్, నల్లజాతి నటి మెయిడీ నార్మన్ తమ తమ అనుభవాలు చెబుతారు. రెండు ఖండాల్లో, రెండు భాషల్లో అడిగితే జవాబులు ఒకేలా వచ్చాయి. ఈ సినిమా చేయగలిగినవారు ఆ రోజుల్లో మరొకరు ఉన్నారనుకోను. లాస్ ఏంజెలెస్ నటికి ఆమె సాటి నటి, పారిస్ నటికీ సాటి నటే, ఎక్కడా దుభాషీ అవసరం లేదు. సినిమా 1981లో గానీ విడుదల కాలేదు.

1980ల్లో జర్మన్ దర్శకురాలు ఒట్టింగర్‌తో మూడు సినిమాలు చేసింది. వాటిలో ఒకదానిలో పత్రికా సామ్రాజ్యాన్ని నడిపే డాక్టర్ మబూజా వేషం, నవ్వకుండా నవ్వించే వేషం. 1989లో వచ్చిన 'జొహానా డార్క్ ఆఫ్ మంగోలియా'లో లేడీ విండర్మియర్ అనే మానవశాస్త్రజ్ఞురాలు. ట్రాన్స్‌సైబీరియన్ రైల్లో పట్టు తెరలు కట్టిన తన సొంత పెట్టెలో ప్రయాణిస్తూ, మంగోల్ రాకుమారి దండు రైలును అడ్డగించినప్పుడు, రెండు పక్షాల మధ్యా మాట కలిపేది ఆమే. ఎవరి మర్యాదలు ఎవరికి ఎలా చెప్పాలో తెలిసిన ఆ స్త్రీ పాత్రలో సేరిగ్ తన జీవితాన్నంతా కాస్త ఎగతాళి కలిపి ఆడుకున్నట్టు నాకనిపిస్తుంది. ఆ తర్వాతి ఏడాది, 1990 అక్టోబర్ 15న, 58 ఏళ్ల వయసులో పారిస్‌లో చనిపోయింది.

ఆమె పూర్తి చేయలేకపోయిన పని ఒకటుంది. పాత అమెరికా పశ్చిమ సీమలో సాహసిగా పేరుపడ్డ కలామిటీ జేన్ తన కూతురికి రాసినట్టు చెప్పే ఇంగ్లీషు ఉత్తరాల ఆధారంగా ఒక సినిమా తీయాలని ఏళ్ల తరబడి ప్రయత్నించింది. 1983లో మాంగోల్ట్‌ను వెంటబెట్టుకుని మోంటానా వెళ్లి కొంత చిత్రీకరణ కూడా చేసింది. డబ్బు సమకూరలేదు. ఆ ఫుటేజీతో మాంగోల్ట్ 2020లో ఒక చిత్రం చేసింది. పూర్తి చేసి నిలబెట్టింది మరొకటి: 1982లో రుసోపులోస్, వీడర్‌లతో కలిసి స్థాపించిన సిమోన్ ద బొవ్వార్ దృశ్యశ్రవణ కేంద్రం. స్త్రీల ఉద్యమాల వీడియోలను సేకరించి, భద్రపరచి, కొత్తవి తీసే ఆ సంస్థ మధ్యలో కొన్నేళ్లు మూతపడినా మళ్లీ తెరుచుకుని ఇవాళ్టికీ పారిస్‌లో పనిచేస్తోంది. ఈ రోజు మనం చూడబోయే భాగాలు చూడగలుగుతున్నామంటే ఆ టేపులను పారేయకుండా దాచినవాళ్ల వల్లే.

ముందుగా 'సోయ్ బెల్' నుంచి ఫోండా మాట్లాడే భాగం వేస్తాం, తర్వాత 'జాన్ దీల్మాన్' రెండో రోజు దుంపల ఘట్టం. సేరిగ్ మొదటి దానిలో కెమెరా వెనక ఉంటుంది, కొన్నిచోట్ల ప్రశ్న మాత్రమే వినబడుతుంది. కాబట్టి కాస్త చెవి పెట్టి వినండి. ప్రశ్నలుంటే రెండూ చూశాక మాట్లాడుకుందాం.